ముప్పయ్యేళ్ల అలక

ఎవరి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు రాజనీతి శాస్త్రం చెప్పేటప్పుడు ఒక పద్ధతి పాటించేవారు. రెండు దేశాల తగాదా గురించి పాఠం మొదలుపెట్టే ముందు, ఆ దేశాల మధ్య ఉన్న ఒడంబడిక ప్రతి తెచ్చి విద్యార్థి చేతికిచ్చి గట్టిగా చదివించేవారు. చదవడం అయ్యాక ఒక్కటే ప్రశ్న అడిగేవారు: ఇందులో లేనిదేమిటి? తరగతిలో మొదట ఎవరికీ జవాబు తట్టేది కాదు. ఉన్నదాన్ని చదివి చెప్పడం తేలిక. లేనిదాన్ని చూడాలంటే ఆ రెండు ఇళ్ల సంగతీ తెలిసి ఉండాలి.

ఆయన పద్ధతికి సరిగ్గా అతికే ఒడంబడిక ఒకటుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, అమెరికా కలిసి 1951 సెప్టెంబర్ 1న శాన్‌ఫ్రాన్సిస్కోలో చేసుకున్న ఆంజస్ ఒప్పందం. మొత్తం 11 అధికరణలు, తీరిగ్గా చదివినా పావుగంట పట్టదు. జపాన్‌తో శాంతి ఒప్పందానికి రంగం సిద్ధమవుతున్న రోజులవి. జపాన్ మళ్లీ లేస్తే తమ గతేమిటన్నది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల భయం. ఆ భయం తీర్చడానికి అమెరికా ఇచ్చిన హామీ ఇది. పసిఫిక్‌లో ఎవరి మీద సాయుధ దాడి జరిగినా, అది అందరికీ ముప్పేనని గుర్తించి, ఎవరి రాజ్యాంగ పద్ధతి ప్రకారం వారు ముందుకు వస్తారని నాలుగో అధికరణ చెబుతుంది. అంతకు తొమ్మిదేళ్ల ముందు, 1942లో, వేలాది అమెరికన్ మెరైన్లు న్యూజిలాండ్ గడ్డ మీద గుడారాలు వేసుకుని శిక్షణ పొంది యుద్ధానికి వెళ్లారు. కాబట్టి 1951 సంతకాలు కొత్త పరిచయం కాదు, పాత చుట్టరికానికి రాతకోతలు.

మరి అందులో లేనిదేమిటి? ఒకరి యుద్ధనౌకలు ఇంకొకరి రేవుకు రావాలా వద్దా అన్న మాట లేదు. అణ్వాయుధం అన్న పదమే లేదు. 34 ఏళ్ల తరవాత ఆ చుట్టరికం తెగింది సరిగ్గా అక్కడే.

న్యూజిలాండ్ వాళ్లకు అణుబాంబంటే పుస్తకాల్లో చదివిన సంగతి కాదు. ఫ్రాన్స్ తన బాంబులను పారిస్ దగ్గర పేల్చి చూసుకోలేదు, దక్షిణ పసిఫిక్‌లోని మురురోవా దీవిలో పేల్చింది. 1973లో ప్రధాని నార్మన్ కర్క్ ఒక నౌకాదళ ఫ్రిగేటును, అందులో ఒక మంత్రిని కూర్చోబెట్టి మరీ ఆ పరీక్షల ప్రాంతానికి పంపారు. యుద్ధం చేయడానికి కాదు, సాక్ష్యం చెప్పడానికి. ఆ తరవాతి పదేళ్లలో అమెరికా అణుశక్తితో నడిచే నౌకలు, జలాంతర్గాములు ఆక్లండ్, వెల్లింగ్టన్ రేవులకు వచ్చిన ప్రతిసారీ తెరచాప పడవలు, మరబోట్లు, చిన్న చిన్న కయాక్‌లు వేసుకుని జనం నీళ్లలోకి దిగి అడ్డం పడేవారు. ఉక్కుకొండలాంటి నౌక ముందు ఒక మనిషి తెడ్డు పట్టుకుని కూర్చున్న ఫొటోలు అప్పటి పత్రికల్లో చూడవచ్చు.

1984లో ఆ ఒత్తిడి పార్లమెంటుకు చేరింది. ప్రధాని రాబర్ట్ మల్డూన్‌కు మెజారిటీ బొటాబొటీ. ఆయన పార్టీకే చెందిన మెరిలిన్ వేరింగ్ అణు విషయంలో పార్టీ గీత దాటతానని చెప్పడంతో ఆయన ముందస్తు ఎన్నికలకు వెళ్లి జూలై 14న ఓడిపోయారు. లేబర్ పార్టీ నాయకుడు డేవిడ్ లాంగీ గెలిచారు. ఆయన మెథడిస్టు కుటుంబం నుంచి వచ్చిన లాయరు, మాటకారి, అప్పటికి 41 ఏళ్లవాడు.

ఎన్నికల ఫలితం వచ్చిన రెండు రోజులకే ఆంజస్ మండలి సమావేశం వెల్లింగ్టన్‌లో జరగాల్సి ఉంది. దాని తేదీ ముందే ఖాయమైంది. అమెరికా విదేశాంగ మంత్రి జార్జ్ షుల్ట్జ్ వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో మెరైన్‌గా పసిఫిక్‌లో పోరాడిన మనిషి ఆయన, ఆ సముద్రం మీద స్నేహమంటే ఏమిటో ఒంటితో తెలిసినవాడు. ఇంకా పదవీ ప్రమాణం కూడా చేయని లాంగీతో మాట్లాడారు. ఆ గదిలో ఏం మాట్లాడుకున్నారన్నదే ఈ కథకు మూలం. తన పార్టీ మనసు మార్చడానికి లాంగీకి ఆరు నెలలు గడువు కావాలి, ఆలోగా ఆయన దారి చూస్తారు అని షుల్ట్జ్ అర్థం చేసుకున్నారు. అలాంటి మాటేమీ తాను ఇవ్వలేదని లాంగీ చివరిదాకా చెబుతూ వచ్చారు. ఇద్దరూ ఇంగ్లీషే మాట్లాడారు, దుబాసీ అవసరం కూడా లేదు. అయినా ఒకరు మాట తీసుకుని వెళ్లారు, ఇంకొకరు మాట ఇవ్వలేదు.

ఇలాంటివి శత్రువుల మధ్య తక్కువ జరుగుతాయి. శత్రువుతో మాట్లాడేటప్పుడు ప్రతి పదం రాయించుకుంటారు, ఇద్దరు సాక్షుల్ని పెట్టుకుంటారు. స్నేహితుడి దగ్గర అదంతా మర్యాద కాదనుకుంటాం. అమెరికన్ రాజనీతి పండితుడు రిచర్డ్ న్యూస్టాట్ 1956 సూయెజ్ సంక్షోభాన్నీ, 1962లో స్కైబోల్ట్ క్షిపణి మీద అమెరికా, బ్రిటన్‌ల మధ్య వచ్చిన గొడవనూ పక్కపక్కన పెట్టి ఒక పుస్తకం రాశారు. ఆయన తేల్చింది దాదాపు ఇదే. మిత్రులు ఒకరినొకరు బాగా ఎరుగుదుమనుకుంటారు. అందుకే అడగాల్సిన ప్రశ్న అడగరు. ఆ తరవాత ఎదుటివాడు కావాలనే దెబ్బ తీశాడని నమ్ముతారు.

అమెరికా నౌకాదళానికి అప్పట్లో ఒక కట్టుబాటు ఉండేది. తన ఏ నౌకలో అణ్వాయుధం ఉందో, ఏ నౌకలో లేదో ఎవరికీ చెప్పదు. ఉందనీ అనదు, లేదనీ అనదు. న్యూజిలాండ్ కొత్త ప్రభుత్వమేమో, ఆయుధం ఉన్న నౌక మా రేవుకు రాకూడదంది. ఉందో లేదో చెప్పనంటున్న అతిథీ, లేదని తెలిస్తే తప్ప గుమ్మం తొక్కనివ్వనంటున్న గృహస్థూ ఎదురెదురుగా నిలబడ్డారు. వాషింగ్టన్ భయం 33 లక్షల మంది కూడా లేని ఆ దేశం గురించి కాదు. ఈ పట్టుదల జపాన్‌కు, ఆస్ట్రేలియాకు, డెన్మార్క్‌కు పాకితే తన నౌకలు నిలిచే రేవే ఉండదని. దీనికి వాళ్లు ‘కివీ జబ్బు’ అని పేరు కూడా పెట్టారు. స్నేహితుడి అభిప్రాయానికి జబ్బని పేరు పెట్టాక ఇక మాటామంతీకి మిగిలేది తక్కువ.

అయినా ఇద్దరూ ఒక దారి వెతికారు. న్యూజిలాండ్ రక్షణ దళాల అధిపతి యూవన్ జేమిసన్ హొనొలులు వెళ్లి అమెరికా పసిఫిక్ సేనాధిపతి విలియం క్రోతో కూర్చుని, ఎవరికీ ఇబ్బంది లేని నౌక ఏదని చర్చించారు. యూఎస్ఎస్ బుకానన్ అనే పాత డిస్ట్రాయర్ తేలింది. అది అణుశక్తితో నడవదు. జలాంతర్గాముల మీద ప్రయోగించే దాని రాకెట్లకు అణు వార్‌హెడ్ అమర్చే వీలున్న మాట నిజమే కానీ, ఆ ప్రయాణంలో అవి ఉండే అవకాశం చాలా తక్కువ. 1985 జనవరిలో అమెరికా లాంఛనంగా అడిగింది.

సరిగ్గా అప్పుడు ప్రధాని ఊళ్లో లేరు. లాంగీ టోకెలావ్ వెళ్లారు. న్యూజిలాండ్ పాలనలో ఉన్న మూడు పగడపు దిబ్బల సమూహం అది. విమానాశ్రయం లేదు, సమోవా నుంచి ఓడ మీద వెళ్లాలి, ఓడ మీదే తిరిగి రావాలి. ప్రధాని ఆ సముద్రం మీద ఉండగా న్యూజిలాండ్‌లో వార్త పొక్కింది. పార్టీ కార్యకర్తలు భగ్గుమన్నారు. తాత్కాలిక ప్రధానిగా ఉన్న జెఫ్రీ పామర్ రాజ్యాంగ న్యాయశాస్త్రం బోధించిన ప్రొఫెసరు. అధికారులు ఇచ్చిన నివేదిక ఆయన చదివారు. ఆయుధం ఉండే అవకాశం తక్కువ, కానీ లేదని కచ్చితంగా చెప్పలేం అన్నది దాని సారాంశం. తక్కువ అన్న మాట మీద సంతకం పెట్టడానికి లాయరు మనసు ఒప్పుకోలేదు. లాంగీ తిరిగి వచ్చాక కేబినెట్ అదే నిర్ణయానికి వచ్చింది. ఫిబ్రవరి 4న బుకానన్‌కు అనుమతి నిరాకరించారు. అణ్వాయుధాలు మోసే ఏర్పాటే లేని పెర్రీ తరగతి ఫ్రిగేటును పంపితే రానిస్తామని న్యూజిలాండ్ అంది. అమెరికా అది కుదరదంది. అలాంటి నౌకనే ఏరి పంపితే, లేదని నోటితో చెప్పినట్టే కదా.

ఇందులో తప్పెవరిది? ఆ రేవు తమదనీ, అందులోకి ఏది రావాలో తామే తేల్చుకుంటామనీ అనే హక్కు న్యూజిలాండ్ ప్రజలకు ఉంది. ఆ హక్కును ఈ ఉపన్యాసం శంకించదు. వెల్లింగ్టన్ చేసిన తప్పు వేరు. సొంత సేనాధిపతిని హొనొలులు పంపి నౌకను ఎంపిక చేయించి, అమెరికా లాంఛనంగా అడిగాక వద్దంది. పెళ్లిచూపులకు రమ్మని కబురు పెట్టి వీధి తలుపు గడియ పెట్టుకోవడం లాంటిది అది. జేమిసన్, క్రోల మధ్య ఏం కుదిరిందో కేబినెట్‌కు సకాలంలో పూర్తిగా చేరలేదు. సిద్ధాంతం కంటే ఈ పరువు పోయిన బాధే వాషింగ్టన్‌లో ఎక్కువ కాలం నిలిచింది.

అమెరికా జవాబు త్వరగానే వచ్చింది. ఉమ్మడి విన్యాసాలు ఆగిపోయాయి. గూఢచార సమాచారం ధార సన్నబడింది. శిక్షణ కోర్సులకు న్యూజిలాండ్ అధికారులను పిలవడం మానేశారు. 1986 ఆగస్టు 11న శాన్‌ఫ్రాన్సిస్కోలో, అంటే 35 ఏళ్ల కింద సంతకాలు జరిగిన ఊళ్లోనే, న్యూజిలాండ్ పట్ల తన భద్రతా బాధ్యతలను నిలిపివేస్తున్నట్టు అమెరికా ప్రకటించింది. న్యూజిలాండ్ కూడా 1987 జూన్‌లో తన విధానాన్ని చట్టం చేసింది. అంతదాకా మాట పట్టింపుగా ఉన్నది ఒక ఇంట్లో లాంఛన ప్రకటన, ఇంకో ఇంట్లో శాసనం అయింది.

మధ్యలో ఇంకో దెబ్బ తగిలింది. 1985 జూలై 10న ఆక్లండ్ రేవులో గ్రీన్‌పీస్ నౌక రెయిన్‌బో వారియర్‌ను ఫ్రెంచ్ గూఢచారులు పేల్చేశారు. ఫెర్నాండో పెరీరా అనే ఫొటోగ్రాఫర్ చనిపోయాడు. మిత్రదేశంగా భావించిన ఫ్రాన్స్ తమ రేవులో బాంబు పెడితే వాషింగ్టన్, లండన్ గట్టిగా ఒక్క మాట అనలేదన్న కోపం న్యూజిలాండ్‌లో ఇంటింటికీ చేరింది. అప్పటిదాకా ఊగిసలాడినవాళ్లు కూడా అణురహిత విధానం వైపు గట్టిపడ్డారు. బుకానన్ నిరాకరణతో లాంగీకి వచ్చిన బలం కంటే ఆ మౌనంతో వచ్చిన బలమే ఎక్కువని అనుకోవాలి.

ఇంతా జరిగాక కూడా తెగనివి కొన్ని ఉన్నాయి. తరవాతి కథకు అవే ఊపిరి. అమెరికా వాణిజ్యం జోలికి పోలేదు. న్యూజిలాండ్ గొర్రెమాంసం మీద, ఉన్ని మీద, పాల సరుకు మీద ఆంక్షలు పెట్టాలని కొందరు కోరినా రీగన్ ప్రభుత్వం ఆ పని చేయలేదు. రక్షణ తగాదాను రక్షణ దగ్గరే ఆపింది. రెండోది అంటార్కిటికా. 1955 నుంచి అమెరికా అంటార్కిటికా యాత్రలకు క్రైస్ట్‌చర్చ్ విమానాశ్రయమే స్థావరం. యుద్ధనౌకకు రేవు మూసుకున్న ఏళ్లలో కూడా అమెరికా సైనిక రవాణా విమానాలు అక్కడ దిగాయి, సామాన్లు ఎక్కించుకున్నాయి, మంచు ఖండానికి ఎగిరాయి. వీధి తలుపు మూసి ఉన్నా పెరటి తలుపు తీసే ఉంది. అక్కడ పనిచేసే మెకానిక్‌లు, వాతావరణ శాస్త్రవేత్తలు, విమాన చోదకులు ఒకరి పేర్లు ఒకరు మరచిపోలేదు.

మూడోది ఆస్ట్రేలియా. ప్రధాని బాబ్ హాక్ న్యూజిలాండ్ విధానాన్ని ఒప్పుకోలేదు, ఆ సంగతి దాచలేదు. అయినా వెల్లింగ్టన్‌తో రక్షణ సంబంధాలు తెంచుకోలేదు. ముగ్గురి సమావేశం ఆగిపోతే అమెరికాతో విడిగా, న్యూజిలాండ్‌తో విడిగా కూర్చుంది. ఇద్దరు దగ్గర బంధువులు మాట్లాడుకోని ఇంట్లో పెద్దక్క పడే కష్టమే ఆస్ట్రేలియా పడింది. మధ్యవర్తిత్వం చేస్తున్నానని చాటుకోలేదు. ఇద్దరిళ్లకూ వెళ్లడం మానలేదు, అంతే.

ఇక్కడ మనకు సంబంధించిన చిన్న సంగతి ఒకటి. ఖర్చు తగ్గించుకోవడానికని మల్డూన్ ప్రభుత్వం 1982లో ఢిల్లీలోని న్యూజిలాండ్ హైకమిషన్‌ను మూసేసింది. లాంగీ ప్రభుత్వం దాన్ని తిరిగి తెరిచి, ఎవరెస్టు ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీని హైకమిషనర్‌గా పంపింది. ఒక పెద్ద ఇంటి తలుపు మూసుకుంటే ఆ చిన్న దేశం వేరే గుమ్మాల వైపు చూసింది. హిల్లరీ 1989 దాకా ఢిల్లీలో ఉన్నారు.

మిత్రుల మధ్య మనస్పర్ధలు ప్రతిసారీ ఇంత కాలం సాగవు. 1956లో బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ గుట్టుగా కూడబలుక్కుని ఈజిప్టు మీద దాడి చేసినప్పుడు అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆయనకు మాట మాత్రమైనా చెప్పలేదు. పౌండు విలువ జారిపోతుంటే ఆదుకోవడానికి అమెరికా నిరాకరించింది. బ్రిటన్ కాల్పులు ఆపి, డిసెంబర్ ఆఖరుకల్లా సైన్యాన్ని వెనక్కి తెచ్చుకుంది. ప్రధాని ఆంటొనీ ఈడెన్ పదవి వదిలారు. 1957 మార్చిలో కొత్త ప్రధాని హెరాల్డ్ మెక్‌మిలన్, ఐసెన్‌హోవర్ బెర్ముడాలో కలిశారు. ఇద్దరూ యుద్ధకాలంలో ఆల్జీర్స్‌లో కలిసి పనిచేసినవాళ్లు. మరుసటి ఏడాది జూలై 3న రెండు దేశాలూ అణు రహస్యాలు పంచుకునే ఒప్పందమే చేసుకున్నాయి. రెండేళ్లు తిరక్కుండానే చుట్టరికం మునుపటికంటే చిక్కబడింది.

ఆ వేగం చూసి, న్యూజిలాండ్ విషయంలో చేతగానితనం చూపారని అనడం సరికాదు. సూయెజ్‌లో గొడవకు కారణమైన వస్తువును బ్రిటన్ వదిలేసింది. సైన్యం వెనక్కి వచ్చాక ఇక తగాదా పడటానికి ఏమీ మిగల్లేదు. న్యూజిలాండ్ వదలలేదు. అమెరికా కూడా వదలలేదు. ఇద్దరూ తమ మాట మీదే ఉండి మళ్లీ దగ్గర కావాలంటే ఎలా అన్నది బెర్ముడాలో ఎవరికీ ఎదురుకాని ప్రశ్న.

మొదటి మలుపు న్యూజిలాండ్ లోపలే వచ్చింది. అప్పటిదాకా అణురహిత చట్టాన్ని వ్యతిరేకించిన నేషనల్ పార్టీ 1990లో, ఎన్నికల ముందు, దాన్ని ఉంచుతామని ప్రకటించింది. జిమ్ బోల్జర్ నాయకత్వంలో గెలిచి, చట్టాన్ని అలాగే ఉంచింది. పైకి చూస్తే వాషింగ్టన్‌కు ఇది చేదు వార్త. నిజానికి మేలే చేసింది. ప్రభుత్వం మారితే వీళ్లు దారికొస్తారని ఎదురుచూడటంలో అర్థం లేదని అప్పుడు తెలిసింది. అలిగినవాడు రేపు తగ్గుతాడన్న ఆశ ఉన్నంతకాలం ఎదుటివాడు ఒక మెట్టు దిగడు.

రెండో మలుపు న్యూజిలాండ్ కోసం జరిగింది కాదు. 1991 సెప్టెంబర్ 27న అధ్యక్షుడు జార్జ్ బుష్, సోవియట్ యూనియన్ కూలిపోతున్న సమయంలో, అమెరికా ఉపరితల నౌకల నుంచి వ్యూహాత్మకం కాని అణ్వాయుధాలన్నీ తీసేస్తున్నట్టు ప్రకటించారు. ఆ ఒక్క ప్రకటనతో బుకానన్ ప్రశ్నకు ప్రాణం పోయింది. అణుశక్తితో నడిచే నౌకలు, జలాంతర్గాముల మాట వేరు. మామూలు డిస్ట్రాయర్‌లో బాంబు ఉండే అవకాశం ఇక లేదు. నియమాలు మాత్రం కాగితం మీద అలాగే ఉన్నాయి. అమెరికా చెప్పదు, న్యూజిలాండ్ తెలియకుండా రానివ్వదు.

అయినా ఓడ రావడానికి ఇంకా పాతికేళ్లు పట్టింది. కారణం ఆయుధం కాదు, గాయం.

ఆ పాతికేళ్లూ మెట్టు మెట్టుగా సాగాయి. 1994లో క్లింటన్ ప్రభుత్వం పెద్ద స్థాయి అధికారుల మాటలకు దారి తెరిచింది. 1999 సెప్టెంబర్‌లో ఆసియా పసిఫిక్ సదస్సుకు క్లింటన్ ఆక్లండ్ వచ్చారు. 1966లో లిండన్ జాన్సన్ వచ్చాక మరో అమెరికా అధ్యక్షుడు ఆ గడ్డ మీద అడుగుపెట్టడం అదే మొదలు. అదే వారాల్లో తూర్పు తైమూర్ తగలబడుతోంది. ఆస్ట్రేలియా నాయకత్వంలో వెళ్లిన దళాల్లో న్యూజిలాండ్ సైనికులు ఉన్నారు. వాళ్లతో కలిసి పనిచేయకూడదన్న అమెరికా నియమం ఆ అవసరం ముందు నిలవలేదు.

2001 తరవాత అఫ్ఘానిస్థాన్. న్యూజిలాండ్ ప్రత్యేక దళాలు అమెరికా దళాలతో భుజం కలిపి పనిచేశాయి. 2004లో ఆ ఉమ్మడి దళానికి అమెరికా అధ్యక్షుడి ప్రశంసా పతకం దక్కితే న్యూజిలాండ్ బృందానికీ అందులో పాలు వచ్చింది. బామియాన్‌లో 2003 నుంచి పదేళ్లు న్యూజిలాండ్ పునర్నిర్మాణ బృందం రోడ్లు వేసింది, కాపలా కాసింది. అఫ్ఘానిస్థాన్‌లో ఆ దేశం 10 మంది సైనికులను పోగొట్టుకుంది. ఇది గుర్తుంచుకోవాల్సిన సంగతి. అదే కాలంలో ప్రధాని హెలెన్ క్లార్క్ ఇరాక్ యుద్ధానికి రానన్నారు. రానన్నందుకు 1985లో లాగా తలుపులు మూసుకోలేదు. కాదన్న మాటను తట్టుకోవడం అప్పటికి అమెరికా కొంత నేర్చుకుంది. కాదనేటప్పుడు ముందుగా, సూటిగా, పరువుగా చెప్పడం న్యూజిలాండ్ కొంత నేర్చుకుంది.

2010 నవంబర్ 4న వెల్లింగ్టన్‌లో అమెరికా విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్, న్యూజిలాండ్ విదేశాంగ మంత్రి మరే మెక్‌కలీ ఒక ప్రకటన మీద సంతకం చేశారు. దానికి ఊరి పేరే పెట్టారు. అందులో కొత్త భద్రతా హామీ లేదు. అణు చట్టాన్ని సవరించే మాట లేదు. పాత తప్పులకు క్షమాపణ లేదు. కలిసి చేయగల పనుల ప్రస్తావన, తరచూ కలుద్దామన్న నిర్ణయం, అంతే. మాస్టారు ఉండి ఉంటే ఇదీ చదివించి, లేనిదేమిటని అడిగేవారు. 1951 కాగితంలో మాట లేకపోవడానికి కారణం ఎవరికీ తట్టకపోవడం. 2010 కాగితంలో లేకపోవడానికి కారణం, ఇద్దరికీ బాగా తెలిసి, దాన్ని పక్కన పెట్టి నడవగలమని నమ్మకం కుదరడం.

అయితే కాగితం మీద కలిసినంత త్వరగా రేవులో కలవలేదు. 2012లో హవాయి దగ్గర జరిగిన రిమ్‌ప్యాక్ విన్యాసాలకు న్యూజిలాండ్‌ను 1984 తరవాత మొదటిసారి పిలిచారు. టె కాహా, ఎండీవర్ అనే రెండు నౌకలు వెళ్లాయి. కానీ పెర్ల్ హార్బర్ నౌకాస్థావరంలో వాటికి చోటు ఇవ్వలేదు. హొనొలులు పౌర రేవులో లంగరు వేయించారు. అదే సమయంలో జపాన్ నౌకలు పెర్ల్ హార్బర్ లోపల ఉన్నాయి. 1941లో ఆ రేవును తగలబెట్టిన దేశం నావికులు లోపల, 1942లో తమ ఊళ్లలో మెరైన్లకు గుడారాలు వేసుకోనిచ్చిన దేశం నావికులు బయట. దీన్ని ఏ నావికుడికి వివరించగలరు? ఏ నియమాన్నీ ఉల్లంఘించకుండానే మనసుకు గుచ్చుకునే పని ఇలాగే జరుగుతుంది.

ఆ గుచ్చుడు ఇద్దరికీ తగిలింది. ఆ సెప్టెంబర్‌లో అమెరికా రక్షణ మంత్రి లియోన్ పనెటా ఆక్లండ్ వచ్చి, న్యూజిలాండ్ నౌకలు అమెరికా సైనిక రేవులకు రాకూడదన్న ఆంక్ష సడలిస్తున్నట్టు చెప్పారు. రెండేళ్లకు, 2014 విన్యాసాల్లో, కాంటర్బరీ అనే న్యూజిలాండ్ నౌక పెర్ల్ హార్బర్‌లో లంగరు వేసింది. మొదట గుమ్మం తెరిచింది అమెరికా అన్నది గమనించాలి. మూసినది మొదట న్యూజిలాండ్ అయినా, బలమున్నవాడు ముందు మెట్టు దిగితే అతని పరువేమీ తగ్గదు. బలహీనుడు దిగితే లొంగిపోయాడంటారు.

2016లో న్యూజిలాండ్ నౌకాదళానికి 75 ఏళ్లు నిండాయి. ఉత్సవానికి చాలా దేశాల నౌకలను పిలిచారు, అమెరికానూ పిలిచారు. జూలైలో ఆక్లండ్ వచ్చిన ఉపాధ్యక్షుడు జో బైడెన్ ఆహ్వానం అందుకున్నారు. యూఎస్ఎస్ శాంప్సన్ అనే డిస్ట్రాయర్‌ను పంపాలని నిర్ణయించారు. 1987 చట్టం ప్రకారం ఆ నౌకలో అణ్వాయుధం లేదని ప్రధాని తనంతట తాను నమ్మితేనే అనుమతి ఇవ్వాలి. అమెరికా ఏమీ చెప్పలేదు. న్యూజిలాండ్ ఏమీ అడగలేదు. ప్రధాని జాన్ కీ తన అధికారుల నివేదిక చదివి సంతకం చేశారు. 1985లో పామర్ బల్ల మీదికి వచ్చిందీ ఇలాంటి నివేదికే. అప్పుడు అనుమానం మిగిలింది, ఇప్పుడు మిగల్లేదు. చట్టంలో ఒక్క అక్షరం మారలేదు. అమెరికా నియమంలోనూ మారలేదు.

ఈ సర్దుబాటు పూర్తయిపోయిందనుకోనక్కర్లేదు. 1986లో నిలిపేసిన భద్రతా బాధ్యతలను అమెరికా లాంఛనంగా పునరుద్ధరించలేదు. 2021 సెప్టెంబర్‌లో ఆస్ట్రేలియా అణుశక్తితో నడిచే జలాంతర్గాములు తెచ్చుకుంటానని అమెరికా, బ్రిటన్‌లతో ఆకస్ ఒప్పందం ప్రకటించింది. ఫ్రాన్స్‌తో చేసుకున్న జలాంతర్గాముల కాంట్రాక్టు రద్దయింది. ఫ్రాన్స్ వాషింగ్టన్ నుంచి, కాన్‌బెర్రా నుంచి రాయబారులను వెనక్కి పిలిచింది. ఆ గాయానికి ఆస్ట్రేలియా మరుసటి ఏడాది ఫ్రెంచ్ కంపెనీకి సుమారు 55 కోట్ల 50 లక్షల యూరోలు చెల్లించాల్సి వచ్చింది. ఆకస్ ప్రకటన వెలువడిన వారంలోనే న్యూజిలాండ్ ప్రధాని జసిండా ఆర్డర్న్ కూడా ఒక మాట చెప్పారు. ఆ జలాంతర్గాములు వచ్చాక తమ జలాల్లోకి రానివ్వబోమని. అడ్డుకున్నది ఈసారి అమెరికాను కాదు, అన్ని కష్టాల్లోనూ రెండు ఇళ్లకూ తిరిగిన ఆస్ట్రేలియాను. కాన్‌బెర్రాలో ఎవరూ ఆశ్చర్యపోలేదు, కోపగించలేదు. ఆ చట్టం ఎలాంటిదో వాళ్లకు 1987 నుంచీ తెలుసు.

మళ్లీ శాంప్సన్ దగ్గరికి వద్దాం. అది ఆక్లండ్ దారిలో ఉండగా, 2016 నవంబర్ 14 అర్ధరాత్రి దాటిన రెండు నిమిషాలకు, దక్షిణ దీవిలోని కైకౌరా దగ్గర 7.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఇద్దరు చనిపోయారు. కొండచరియలు విరిగి రోడ్డూ రైలూ రెండూ తెగిపోయాయి. సముద్రగర్భం కొన్నిచోట్ల పైకి లేచి, నీళ్లలో ఉండాల్సిన రాళ్లు, నాచు, శంఖాలు ఎండలో బయటపడ్డాయి. తిమింగలాలను చూడటానికి వచ్చిన పర్యాటకులు వందల్లో ఊళ్లో చిక్కుకుపోయారు. ఉత్సవానికి బయలుదేరిన నౌకల్లో కొన్నింటిని అటు మళ్లించారు. కెనడా నుంచి వాంకూవర్, ఆస్ట్రేలియా నుంచి డార్విన్, అమెరికా నుంచి శాంప్సన్. మూడు దశాబ్దాలకు పైగా ఏ అమెరికా యుద్ధనౌకా రాని ఆ తీరానికి మొదట వచ్చిన నౌక, బ్యాండు మేళం కోసం కాదు, మంచినీళ్లూ ఆహారమూ అందించే పని కోసం నిలబడింది. దాని హెలికాప్టర్లు ఊరికీ నౌకలకూ మధ్య తిరిగాయి. కింద తీరంలో చిన్న పడవలు జనాన్ని ఎక్కించుకుని ఒక బూడిదరంగు నౌకకు చేరవేస్తున్నాయి. రెండేళ్ల కింద పెర్ల్ హార్బర్‌లో లంగరు వేసిన కాంటర్బరీయే అది.